త్రోవ తప్పిన పక్షుల దీవి

బ్రిటన్‌కు ఉత్తరమున ఆర్క్నీ, షెట్లండ్ అను రెండు ద్వీపసమూహములు కలవు. ఆ రెంటి నడుమ సముద్రమధ్యమున ఒంటిగా నిలిచిన చిన్న దీవి ఫెయిర్ ఐల్. దాని పొడవు సుమారు 5 కిలోమీటర్లు. వెడల్పు అందులో సగము. అక్కడ కాపురముండు జనము కొన్ని పదులకు మించరు. చుట్టును నిట్టనిలువు కొండచరియలు, మీద గడ్డి, రాతిగోడలు, గొర్రెలు. నీడకు నిలువదగిన చెట్టు ఒక్కటియు లేదు. సంవత్సరములో చాల దినములు గాలియో, వానయో, పొగమంచో, లేక ఆ మూడునో ఉండును.

ఇట్టి చోటికి ఏటేట సెప్టెంబరు, అక్టోబరు మాసములలో దూరప్రాంతముల నుండి మనుష్యులు వచ్చుచుందురు. వారు వచ్చునది తులములో సగము తూగు ఒక చిన్న పక్షిని చూచుటకు. ఆ పక్షికి నెమలి సొగసు లేదు, కోకిల గొంతు లేదు. అది ఆకుపచ్చగనో మట్టిరంగుననో ఉండి, గడ్డిలో దూరి, క్షణకాలము కనిపించి మాయమగును. దానికై వారు తడిసిన కాలువగట్లపై గంటల తరబడి నిలుతురు. చూచిన పిమ్మట వారి ముఖములందు కానవచ్చు సంతోషము, లంకెబిందెలు దొరకిన వాని సంతోషమునకు తీసిపోదు.

ఇది వెర్రియా, విద్యయా అని శ్రోతలు అడుగవచ్చును. మేమును ఆ ప్రశ్ననే వెంటబెట్టుకొని అక్కడికి పోయితిమి. కొంత వెర్రి ఉన్న మాట నిజమే. కాని ఆ వెర్రి నుండి పుట్టిన విద్య ఎట్టిదో, అది మన పెరటికి ఎట్లు సంబంధించునో చెప్పుటకే ఈ ప్రసంగము.

మేము నలుగురము కలిసి ఒక సెప్టెంబరు చివరివారమున బయలుదేరితిమి. 2019లో ఆ దీవిలో జరిగిన అగ్నిప్రమాదమునకు పూర్వపు మాట అది. ఆ ప్రమాదమును గూర్చి చివర చెప్పెదము. షెట్లండ్ ప్రధానద్వీపము దక్షిణపు కొనను గ్రట్‌నెస్ అను రేవు కలదు. అక్కడినుండి గుడ్ షెపర్డ్ అను చిన్న ఓడ సుమారు రెండున్నర గంటలలో ఫెయిర్ ఐల్ చేర్చును. సముద్రము ఒప్పుకొన్నప్పుడు మాత్రమే సుమా. మమ్ము రెండు దినములు రేవులోనే కూర్చుండబెట్టి మూడవనాడు ఒప్పుకొన్నది. ప్రయాణమంతయు మాలో ముగ్గురము కన్నులు మూసికొనియే ఉంటిమి. నాలుగవవారు మాత్రము ఓడ కమ్మిని పట్టుకొని నిలిచి, అలలమీదుగా రెక్క కదల్పక జారిపోవు ఫుల్మార్ పక్షులను లెక్కించిరి.

వలసపక్షులను చూచుటకు దీవియే యేల కావలెను? దీనికి కారణములు మూడు. మొదటిది: రాత్రివేళ సముద్రముపై ఎగురుచున్న చిన్నపక్షికి వానయో మంచో అడ్డుపడినప్పుడు, దిగుటకు వేరు చోటు లేదు. కనుచూపుమేర నీరు, నడుమ ఒక దీవి. అలసిన పక్షులన్నియు దానిమీదనే వ్రాలును. రెండవది: దీవి చిన్నది. మహారణ్యములో దిగిన పక్షి తిరుణాలలో తప్పిపోయిన పిల్లవానివంటిది. ఎవరి కంట పడును? ఫెయిర్ ఐల్ వంటి దీవిని అయిదారుగురు కలిసి ఒక్క దినములో ప్రతి గోడను, ప్రతి కాలువను వెదకవచ్చును. మూడవది: అక్కడ చెట్లు లేవు. కొమ్మలలో దాగు స్వభావముగల పక్షి సయితము రాతిగోడ ప్రక్కనో, బంగాళాదుంపల మడిలోనో తిరుగవలసినదే.

ఈ సంగతిని లోకమునకు మొదట చాటినది జర్మనీ తీరమునకు ఎదురుగా నున్న హెలిగోలండ్ దీవి. హైన్రిచ్ గేట్కె అను చిత్రకారుడు 1837లో ఆ దీవికి పోయి, అక్కడనే జీవితము గడపెను. దీవివాసులు రాత్రులందు వెలుతురునకు వచ్చిన పక్షులను పట్టి తినుచుండిరి. గేట్కె ఆ పక్షులను పరిశీలించి, ఆసియాఖండపు పక్షులు కొన్ని మరల మరల అక్కడికి వచ్చుచున్నవని గుర్తించెను. 1891లో వెలువడిన ఆయన గ్రంథము యూరపు పక్షిశాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరచెను.

అట్టి చోటు బ్రిటన్‌లోను ఉండవలెనని వెదకినవాడు విలియం ఈగిల్ క్లార్క్. ఎడింబరో నగరపు మ్యూజియములో ఉద్యోగి. 1905లో ఆయన ఫెయిర్ ఐల్‌లో అడుగుపెట్టెను. తాను లేనప్పుడును పరిశీలన సాగవలెనని జార్జి స్టౌట్ మున్నగు దీవివాసులకు ఆ పని నేర్పెను. గొర్రెలు కాచుకొను ఆ కుటుంబములలో పక్షుల పేర్లు ఇంటిమాటలై నిలిచినవి. కాని ఆ కాలమున పక్షిని తుపాకితో కొట్టి చేతికి తెచ్చిన గాని పండితులు నమ్మెడివారు కారు. దారితప్పి, ఆకలితో వచ్చిన అతిథికి ఆనాడు లభించిన మర్యాద అది!

ఆ పద్ధతి మారుటకు మరి నలువది ఏండ్లు పట్టినది. జార్జి వాటర్‌స్టన్ అను స్కాట్లండ్ దేశీయుడు యుద్ధములో 1941లో క్రీటు ద్వీపమున శత్రువులకు చిక్కి, జర్మనీలో ఖైదీగా ఉండెను. ఆ చెరలోనే, ఫెయిర్ ఐల్‌లో పక్షిపరిశీలనా కేంద్రమును స్థాపింపవలెనని తోడి ఖైదీతో కలిసి ఆలోచనలు వ్రాసికొనెను. అనారోగ్యకారణమున 1943లో విడుదలయై ఓడలో తిరిగివచ్చుచుండగా, ఆయన కంటబడిన మొదటి స్వదేశభూమి ఫెయిర్ ఐలే యట. యుద్ధానంతరము ఆ దీవినే కొని, నౌకాదళము విడిచిపోయిన గుడిసెలలో 1948లో కేంద్రమును తెరచెను. 1954లో దీవిని స్కాట్లండ్ నేషనల్ ట్రస్టు అను సంస్థకు అప్పగించెను. నాటినుండి అక్కడ పక్షిని పట్టుదురు గాని చంపరు.

పట్టు విధానము చెప్పెదము. గోడవారను, పొదలమీదను ఇనుపతీగల వలను గుడారమువలె కట్టుదురు. ముందు భాగము వెడల్పు. పోను పోను ఇరుకు. చివర ఒక కొయ్యపెట్టె. మన కాలువలలో చేపలకు పెట్టు మావు వంటిదే యిదియు. దీనిని మొదట హెలిగోలండ్‌లో వాడుటచే ఆ పేరుతోనే పిలుతురు. ఇద్దరు ముగ్గురు మెల్లగా నడచి పక్షిని లోనికి తోలుదురు. పెట్టెలో చిక్కిన పక్షిని గుడ్డసంచిలో వేసి తూచుదురు, రెక్క కొలుతురు, అంకెవేసిన సన్నని లోహపు కడియమును కాలికి తొడిగి విడిచిపెట్టుదురు. ఈ పని రెండు నిమిషములలో ముగియును. ఆ అంకె మరల ఎక్కడనైన కంటబడినచో ఆ పక్షి ప్రయాణము తెలియును.

అన్నిటికంటె మమ్ము ఆకర్షించినది రాత్రి భోజనానంతరము జరుగు లెక్క. ఒకరు దీవిలోని పక్షుల పేర్లను వరుసగా చదువుదురు. ఆనాడు ఎవరెవరు ఎన్నెన్ని చూచిరో చెప్పుదురు. ఒకే పక్షిని ఇద్దరు చూచిరేమో విచారించి, తుది అంకెను పుస్తకములో వ్రాయుదురు. పిచ్చుకను, కాకిని కూడ విడువరు. ఏదియు కనబడనినాడు సున్న వ్రాయుదురు. ఆ సున్న కూడ సమాచారమే యని అక్కడి అధికారి మాకు చెప్పెను. ఇట్లు సంవత్సరముల తరబడి వ్రాయగా, ఆ చిన్న దీవిలో కనబడిన పక్షిజాతుల సంఖ్య 380 దాటినది.

మేము చేరిన పిమ్మట మొదటి నాలుగు దినములు పడమటిగాలి వీచెను. పడమట నున్నది అట్లాంటిక్ మహాసముద్రము. ఆ గాలి ఉన్నంతకాలము తూర్పుదేశపు పక్షులు రావు. మేము ప్రతిదినము గోడలవెంబడి నడచి, తడిసి, సున్నలు తెచ్చుకొంటిమి. ఇంత దూరము వచ్చి గొర్రెలను చూచిపోవుదుమా యని మాలో ఒకరు గొణిగిరి. ఇంటినుండి తెచ్చిన చింతకాయ పచ్చడి సీసా లేనిచో ఆ నాలుగు దినములు గడచి యుండెడివి కావు.

అక్కడివారు మాత్రము గోడకు వ్రేలాడు వాతావరణపటమును చూచి మెదలక ఉండిరి. వారు కోరునది ఇది: స్కాండినేవియామీద అధికపీడనము నిలువవలెను; దాని దక్షిణపు అంచువెంట తూర్పుగాలి రష్యానుండి ఉత్తరసముద్రము వరకు వీవవలెను; బయలుదేరునప్పుడు ఆకాశము నిర్మలమై, దీవి దగ్గరకు వచ్చువేళకు వానయో మంచో పట్టవలెను. నిర్మలాకాశము పక్షిని సముద్రముమీదికి రప్పించును, గాలి ప్రక్కకు నెట్టును, వాన దించును. ఈ మూడును కలియు దినములు శరత్కాలమునకు కొన్నియే.

అయిదవనాటి రాత్రి గాలి ఆగ్నేయమునకు తిరిగెను. తెల్లవారునప్పటికి సన్నని వాన. మేము తలుపు తెరచి చూతుము గదా, నిన్నటివరకు ఖాళీగా నున్న గోడలన్నింటిమీదను పక్షులు! థ్రష్ పక్షులు గడ్డినిండ పరుగులిడుచుండెను. గోరువంక పరిమాణముగల రెడ్‌వింగ్ పక్షి ఒకటి మా కాలిదగ్గరనే మెడ ముడుచుకొని కూర్చుండి, లేచుటకైన ఓపిక లేక మమ్ము చూచుచుండెను. దీవిలో మనిషి ఎత్తునకు కొంచెము మించిన పొదవంటి చెట్లగుంపు ఒకటి కలదు. దానిలో పసుపుపచ్చ కనుబొమలు గల చిన్న ఆకుపచ్చని జిట్టలు మూడు పురుగులు ఏరుకొనుచుండెను. అదియే ఎల్లో బ్రౌడ్ వార్బ్లర్. తులములో సగము తూగు పక్షి అని మొదట చెప్పినది దీనినే. దాని జన్మస్థానము యూరల్ పర్వతములకు తూర్పున నున్న సైబీరియా అడవులు. శీతకాలము గడపవలసినది ఆగ్నేయాసియాలో. అది 3,000 కిలోమీటర్లకు పైగా పెడదారిని వచ్చి, ఆ పొదలో మాకు కనిపించినది.

ఆ మధ్యాహ్నమే కాలువగట్టున మరియొక వింత. గడ్డి కదలుచుండెను గాని పక్షి కనబడదు. చూడగా చూడగా, ఎలుక పరుగెత్తినట్లు, ఒడలెల్ల ఈటెమొనలవంటి గీతలుగల చిన్న పక్షి ఒకటి బయటపడి, మా చుట్టుప్రక్కలవారి బూట్ల నడుమగా నడచిపోయెను. దాని పేరు లాన్సియొలేటెడ్ వార్బ్లర్. బ్రిటన్ అంతటిలో దీనిని చూచుటకు ఫెయిర్ ఐల్‌కు మించిన చోటు లేదు. ఇరువదిమంది పెద్దమనుష్యులు వానలో ఊపిరి బిగబట్టి, ఒక్కరును కాలు కదల్పక, ఆ చిన్నప్రాణికి దారి ఇచ్చి నిలుచుటను చూచితిమి.

ఇంతకును ఇవి దారి యేల తప్పును? చిన్నపక్షులలో అనేకజాతుల పిల్లలు తొలిప్రయాణము తల్లిదండ్రుల తోడు లేకయే చేయును. ఏ దిక్కునకు, ఎంతకాలము ఎగురవలెనో వాటికి పుట్టుకతోనే సంక్రమించును. సూర్యుడు, నక్షత్రములు, భూమియొక్క అయస్కాంతశక్తి వాటికి దిక్కు తెలుపును. కాని దిక్కు తెలియుట వేరు, తానున్న చోటు తెలియుట వేరు. ఈ భేదమును చక్కగా చూపిన ప్రయోగము హాలండులో జరిగినది. పెర్డెక్ అను శాస్త్రజ్ఞుడు వలసపోవుచున్న స్టార్లింగ్ పక్షులను, అనగా మన గోరువంకల దాయాదులను, 11,000కు పైగా హేగ్ నగరము దగ్గర పట్టించి, కడియములు తొడిగి, విమానములో స్విట్జర్లండుకు పంపి విడిపించెను. ఫలితములను 1958లో ప్రకటించెను. అంతకుముందు ఆ దారిని పోయివచ్చిన పెద్దపక్షులు పొరపాటును గ్రహించి, తమ శీతకాలపు నెలవులైన ఇంగ్లండు, ఉత్తర ఫ్రాన్సుల వైపు మరలినవి. తొలిసారి బయలుదేరిన పిల్లలు మాత్రము తమకు పుట్టుకతో వచ్చిన దిక్కునే పట్టుకొని పోయి, దక్షిణ ఫ్రాన్సులోను స్పెయినులోను తేలినవి.

దీనినిబట్టి రెండు విషయములు ఊహింపవచ్చును. దిక్కు సరిగా నున్నను గాలి ప్రక్కకు నెట్టినచో పిల్లపక్షి సవరించుకొనలేదు. ఫెయిర్ ఐల్ కేంద్రమునకు మొదటి అధికారియైన కెన్నెత్ విలియంసన్ ఈ గాలివాటు సిద్ధాంతమునే ప్రతిపాదించెను. ఇక, పుట్టుకతో వచ్చిన దిక్కులోనే తప్పున్నచో, ఆగ్నేయమునకు పోవలసినది వాయవ్యమునకు పోవును. సైబీరియానుండి ఆ గీతను పటముపై పొడిగించినచో అది ఉత్తర బ్రిటన్‌ను తాకును. వచ్చు పక్షులలో అత్యధికము తొలియేటి పిల్లలే యగుట ఈ ఊహకు బలము నిచ్చుచున్నది. ఏ పక్షి విషయమున గాలి ఎంత, పుట్టుక ఎంత అని పాలు పంచుట సులభము కాదు. రెండును కలిసి పనిచేయుటయు కద్దు.

దారి తప్పిన పిమ్మట వాటి గతి యేమి? ఆ రాత్రి మేము అడిగిన ప్రశ్న యిది. ఒక్క క్షణము ఎవరును మాటాడలేదు. ముందున్నది అట్లాంటిక్. అనేకము సముద్రముపాలగును, కొన్ని చలికి, ఆకలికి చచ్చును. ఉదయము మా సంతోషమునకు కారణమైన ఆ పక్షి బహుశః మరణముఖమున నున్నది. ఈ మాట తెలిసిన పిమ్మట ఆ సంతోషము మునుపటివలె ఉండలేదు.

అయితే కథ ఇంతటితో ముగియదు. మధ్య యూరపులోని బ్లాక్‌కాప్ అను పక్షులు పూర్వము శీతకాలమునకు స్పెయిను మొదలైన వెచ్చని చోట్లకు పోవుచుండెను. గత శతాబ్ది ఉత్తరార్ధమున వాటిలో కొన్ని వాయవ్యమునకు పోయి బ్రిటన్‌లోనే చలికాలము గడపసాగెను. జర్మనీలో పీటర్ బెర్టోల్డ్, ఆయన తోడివారు ఆ పక్షులను పంజరములలో పెంచి, వాటి పిల్లలును ఆ క్రొత్తదిక్కుననే పోజూచునని 1992లో నిరూపించిరి. మన పొలములలోను శీతకాలమున కానవచ్చు రిచర్డ్స్ పిపిట్ అను సైబీరియా పక్షి దక్షిణ ఫ్రాన్సుకు తిరిగి తిరిగి వచ్చుచున్నదని, అది దారితప్పినది కాక క్రొత్తదారి పట్టినదని 2021లో ప్రకటితమైన పరిశోధన తెల్పినది. లోకములో వేడి పెరుగుచు, పాత నెలవులు మారుచున్న ఈ కాలమున, నేటి తప్పుదారిలో కొన్ని రేపటి రాజమార్గములు కావచ్చును. ఏది యెట్లగునో తెలియుటకు ఏటేట లెక్క వ్రాయుట తప్ప వేరుపాయము లేదు.

ఇక మా ప్రయాణములో మరపురాని ఘట్టము. ఏడవనాటి ఉదయము ఒక రాతిగోడ ప్రక్కగా నడచుచుంటిమి. అవతల ముల్లంగి మొక్కలు, కలుపు దుబ్బులు. అందులోనుండి, గోటితో అగ్గిపెట్టెను మీటినట్లు, ఒక శబ్దము వినవచ్చెను: చెక్... చెక్... మేము నలుగురమును ఒక్కసారిగా నిలిచిపోయితిమి. శబ్దముతో పనిచేయువారమగుటచే మా చెవులు పొరపడవు. దసరా మొదలు ఉగాది దాటువరకు మా ఇంటి గోరింట కంచెలోనుండి దినమంతయు వచ్చు శబ్దమది. అంత దూరమున, అంత చలిలో, ఆ చప్పుడు వినబడగానే మాకు పెరటిబావి, చింతచెట్టు కండ్లకు కట్టినవి.

కేంద్రపు అధికారికి చెప్పితిమి. ఆయన నవ్వలేదు, పరుగున వచ్చెను. ఆ పక్షిని మెల్లగా వలలోనికి తోలిరి. మట్టిరంగు, పొడుగు ముక్కు, పొట్టి గుండ్రని రెక్కలు. బరువు సుమారు ఒక తులము. దీనిని దీని సోదరజాతులనుండి వేరుచేయుట కండ్లతో కష్టము. కావున రెక్క యీకల పొడవులను, వాటి అంచున నున్న నొక్కులను కొలిచి తేల్చిరి. అది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియమును పోషించిన ఎడ్వర్డ్ బ్లైత్ 1849లో దీనిని వర్ణించి పేరు పెట్టెను. మన తెలుగువారు దీనికి ఏనాడో పెట్టుకొన్న పేరు కంపజిట్ట. ఫిన్లండు మొదలు సైబీరియా వరకు గల పొదలలో పుట్టి, శీతకాలమునకు మన దేశమునకు వచ్చును. బ్రిటన్‌లో మొట్టమొదట అది చిక్కినది ఫెయిర్ ఐల్‌లోనే, 1910లో. ఇటీవల అక్కడ పూర్వముకంటె తరచుగా కనబడుచున్నను, చూచినవారికి అది నేటికిని పండుగయే.

వార్త దీవియంతయు ప్రాకెను. గొర్రెలు విడిచి వచ్చినవారు, వంట విడిచి వచ్చినవారు, అందరును ఆ గోడచుట్టు చేరిరి. వారి సంబరమును చూచి మేము లోలోపల నవ్వుకొంటిమి. అపురూపము చూడ వచ్చిన మాకు మా పెరటిపక్షి ఎదురుపడినది. వారికి అదియే అపురూపము! పక్షి ఒక్కటే. సొంతనెలవున సామాన్యము, పరాయిచోట అపురూపము.

కాని ఆ నవ్వు రాత్రివరకే నిలిచినది. లెక్క వ్రాయునప్పుడు ఆ అధికారి మావైపు తిరిగి, ఎంతో ఆసక్తితో అడిగెను: “మీ యూరికి ఈ పక్షి ఏ తేదీన వచ్చును? ఏ తేదీన పోవును? ఇరువది ఏండ్ల క్రిందటికంటె ఇప్పుడు ముందుగా వచ్చుచున్నదా, ఆలస్యముగానా? ఎక్కువయ్యెనా, తక్కువయ్యెనా?” ప్రశ్నలు నాలుగు, మేము నలుగురము. ఒక్కదానికిని సమాధానము లేదు. ఏటేట మా కంచెలో ఆరేడు నెలలు కాపురముండి పోవు అతిథిని గూర్చి మాకు తెలిసినది దాని చప్పుడు మాత్రమే. నూరేండ్లలో ఆ దీవికి అరుదుగా వచ్చిన ఒక్కొక్క కంపజిట్టకు అక్కడ తేదీ ఉన్నది, చోటు ఉన్నది, చూచినవాని పేరు ఉన్నది.

మన దేశమున ఈ విద్య లేదని చెప్పుట మా యుద్దేశము కాదు. నెల్లూరిలో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ 1862 మొదలు 1864 వరకు భారతదేశపు పక్షులను గూర్చి గొప్ప గ్రంథమును వెలువరించెను. 1929-30లో తూర్పుకనుమల పక్షుల సర్వే, 1931-32లో సలీం అలీ జరిపిన హైదరాబాదు రాజ్యపు పక్షుల సర్వే ప్రసిద్ధములు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1959 నుండి వేలకొలది పక్షులకు కడియములు తొడిగినది. నేడు చేతిలోని ఫోను ద్వారానే చూచిన పక్షిని ఈ-బర్డ్ అను జాబితాలో చేర్చవచ్చును. మన యువకులు అనేకులు చేర్చుచున్నారు కూడ. కొరత యున్నది వేరొకచోట. పులికాటు సరస్సునకు వచ్చు రాజహంసలవంటి పెద్దపక్షులను చూచుటకు బండ్లు కట్టుకొని పోవుదుము. ఇంటిముందు కంపలోని తులమెత్తు పక్షిని లెక్కింపము.

లెక్క యొక్క విలువకు ఫెయిర్ ఐల్‌లోనే ఒక ఉదాహరణము కలదు. అక్కడి కొండచరియలపై కిట్టివేక్ అను సముద్రపక్షులు గూళ్ళు కట్టును. 1980ల చివర వాటి జంటలు సుమారు 19,000. పాతికేండ్లు గడచునప్పటికి అవి వేయికి లోపుగా మిగిలెను. సముద్రము వేడెక్కుటయు, వాటి ఆహారమైన చిరుచేపలు తగ్గుటయు ముఖ్యకారణములుగా చెప్పబడుచున్నవి. ఏటేట లెక్కింపనిచో, “ఏమో, పూర్వము ఎక్కువగా ఉండెడివి” అని ముసలివారు అనుకొనుటతో ఆ సంగతి ముగిసి యుండెడిది. మన యిండ్లలో పిచ్చుకలను గూర్చి మనము అనుకొను మాట అదియే గదా!

మొదట చెప్పిన అగ్నిప్రమాదము 2019 మార్చి 10వ తేదీన జరిగినది. మేము కూర్చుండి భోజనము చేసిన గది, లెక్క వ్రాసిన బల్ల, పుస్తకములు, భవనము సమస్తమును కాలిపోయెను. అదృష్టవశమున ఎవరికిని ప్రాణాపాయము కలుగలేదు. ఆ వార్త విన్ననాడు మాకు మొదట తట్టినది డెబ్బది ఏండ్ల లెక్కల సంగతి. అవి అదివరకే కంప్యూటరునకు ఎక్కించి యుండుటచే నిలిచినవని పిమ్మట తెలిసినది. భవనము లేని ఆ సంవత్సరములలోను దీవివాసులు గోడలవెంబడి నడచుట మానలేదు. తరువాత అచ్చటనే క్రొత్త భవనము లేచినది.

మేము తిరిగివచ్చిన నాటినుండి మా గోడకు వ్రేలాడు క్యాలెండరుపై ఒక పని పెట్టుకొంటిమి. వానలు వెనుకబడి, కంచెలో మొదటి “చెక్” వినబడిన దినమున గుర్తు వేయుదుము. వేసవిలో ఆ చప్పుడు ఆగిపోయిన దినమున మరియొక గుర్తు. పాత క్యాలెండర్లను పారవేయక దాచుచున్నాము. ఏ సిద్ధాంతమునకును ఆ కొద్ది తేదీలు చాలవు. అయినను ఆ అధికారి మరల కనబడి అడిగినచో, మొదటి రెండు ప్రశ్నలకు తలవంచుకొనక సమాధానము చెప్పగలము.

శ్రోతలలో పెరడుగలవారు, పొలము గట్టున నడచువారు, బడిలో పిల్లలకు చదువు చెప్పువారు ఎందరో ఉందురు. ఓడ ఎక్కనక్కర లేదు, తడియనక్కర లేదు. ఈ శరత్తులో ఒక ఉదయము కంచెదగ్గర కొంచెము సేపు మౌనముగా నిలిచి వినుడు. గోటితో అగ్గిపెట్టెను మీటినట్టి చప్పుడు వినబడినచో, ఫిన్లండునుండియో సైబీరియానుండియో బయలుదేరిన ఒక తులము ప్రాణి, త్రోవ తప్పక మీ యింటికి చేరినదని తెలిసికొని, ఆ తేదీని వ్రాసి ఉంచుడు.